ఎస్టీపీలో మెంబ్రేన్ పూడుకుపోకుండా చూసుకోవడం ఎలా?

హైదరాబాద్‌లోని పెద్ద అపార్ట్‌మెంట్లలో మురుగునీటిని శుద్ధి చేసి ఫ్లష్‌లకూ మొక్కలకూ వాడుకునేందుకు ఎస్టీపీలు నడుస్తున్నాయి. వాటిలో ఎంబీఆర్ (మెంబ్రేన్ బయోరియాక్టర్) రకం ఉన్నచోట, గాలి అందుకుంటూ బ్యాక్టీరియా పెరిగే ట్యాంకులో సన్నని బోలు దారాల్లాంటి మెంబ్రేన్లు, అంటే నీటిని వడకట్టే పొరలు, మునిగి ఉంటాయి. పంపు లాగుతుంటే నీరు వాటి రంధ్రాల గుండా లోపలికి చేరుతుంది, బ్యాక్టీరియాతో నిండిన బురద, అంటే స్లడ్జ్, బయటే ఆగుతుంది. సాధారణంగా 0.4 మైక్రాన్ లేదా అంతకన్నా సన్నగా ఉండే ఆ రంధ్రాలకు బ్యాక్టీరియా విడిచే జిగురు, వంటనూనె, నీటిలోని లవణాలు పట్టడమే ఫౌలింగ్. దీన్ని పూర్తిగా ఆపలేము గానీ, చాలా నెమ్మదింపజేయవచ్చు. మెంబ్రేన్ గుండా వచ్చే నీరు తగ్గగానే అందరూ హైపో (సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్) డబ్బా అందుకుంటారు. అసలు కారణం మాత్రం తరచుగా మెంబ్రేన్ కన్నా ముందున్న ట్యాంకుల్లోనే ఉంటుంది.

మొదట, మెంబ్రేన్‌కూ పంపుకూ మధ్యనున్న, పంపు ఎంత బలంగా లాగుతోందో చూపే వాక్యూమ్ గేజ్ రీడింగును రోజూ ఒకే వేళకు, నీటి ప్రవాహం ఒకే స్థాయిలో ఉన్నప్పుడు రాసిపెట్టాలి. వారాల తరబడి మెల్లగా పెరగడం సహజం. చలికాలంలో నీరు కాస్త చిక్కబడుతుంది కనుక అప్పుడు కొద్దిగా పెరిగినా కంగారు పడనక్కరలేదు. ఒకటి రెండు రోజుల్లోనే ఎగబాకితే మాత్రం ముందు దశల్లో ఏదో తప్పింది.

రెండవది స్క్రీన్. బోలు దారాల మెంబ్రేన్‌కు 1 నుంచి 2 మిల్లీమీటర్ల స్క్రీన్ అవసరం. పొడవాటి చీలికలున్న జాలి కన్నా గుండ్రటి రంధ్రాల పలక మేలు, ఎందుకంటే వెంట్రుక నిలువుగా చీలికలోంచి జారిపోతుంది. అలా జారినవి ట్యాంకులో దూదితో, వైప్స్ పీచుతో పెనవేసుకుని మెంబ్రేన్ దారాల చుట్టూ జడలా బిగుసుకుంటాయి. ఆ జడను ఏ రసాయనమూ విప్పదు, చేత్తో తీయవలసిందే. వంటగది నీటికి నూనె వేరుచేసే తొట్టి ఉండాలి, దాన్ని క్రమంగా ఖాళీ చేయాలి.

మూడవది స్లడ్జ్. దాని గాఢత లీటరుకు 8,000 నుంచి 12,000 మిల్లీగ్రాముల మధ్య ఉంటే ఎక్కువ ప్లాంట్లు సాఫీగా నడుస్తాయి. మరీ చిక్కబడితే గాలి సరిగా అందదు, మరీ పలుచనైతే జిగురు పెరుగుతుంది. ప్రయోగశాల లేనివారికి ఒక సులువైన పరీక్ష ఉంది: 50 మిల్లీలీటర్ల స్లడ్జ్‌ను వడపోత కాగితంలో పోసి, 5 నిమిషాల్లో ఎంత నీరు దిగిందో కొలవాలి. కాగితం ఎప్పుడూ ఒకే రకానిది కావాలి. దిగే నీరు వారం వారం తగ్గుతోందంటే, గేజ్ చెప్పకముందే జిగురు సంగతి మనకు తెలిసిపోతుంది. నురగ వచ్చిందని సిలికాన్ కలిసిన మందు పోయకూడదు, అది మెంబ్రేన్‌కే అంటుకుంటుంది.

తరువాత గాలి, విశ్రాంతి. ఉదాహరణకు 9 నిమిషాలు లాగి 1 నిమిషం ఆపితే, ఆ నిమిషంలో బుడగలు మెంబ్రేన్‌పై పొరను దులిపేస్తాయి. గాలి ఊదే బ్లోయర్ ఆగితే పంపు కూడా ఆగేలా కట్టుదిట్టం చేయాలి. నీటిపై బుడగలు ఒక మూల రాకుంటే అక్కడ అడుగున గాలిని బుడగలుగా వదిలే డిఫ్యూజర్ మూసుకుపోయినట్టే. పొద్దున ఒక్కసారిగా వచ్చే నీటినంతా అప్పుడే లాగేయకుండా, సమీకరణ ట్యాంకులో నిలిపి 24 గంటలకు సర్దాలి. అతిగా లాగడాన్ని మించి మెంబ్రేన్‌ను పాడుచేసేది లేదని నా గట్టి అభిప్రాయం.

చివరగా కడగడం. జిగురుకు హైపో, బోరునీటి కాఠిన్యం వల్ల కట్టే సున్నపు పొరకు సిట్రిక్ ఆమ్లం వాడాలి. మోతాదు తయారీదారు చెప్పినంతే. ఈ రెండూ ఎన్నడూ కలవకూడదు, కలిస్తే ప్రాణం తీసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మొదటిదాన్ని పూర్తిగా కడిగి పంపాకే రెండవది పోయాలి. బయటికి తీసిన మెంబ్రేన్ ఎండిపోకూడదు, గట్టి బ్రష్‌తో రుద్దకూడదు. కడిగాక అదే ప్రవాహం దగ్గర గేజ్ పాత స్థాయికి దిగకుంటే, మెంబ్రేన్ మార్చాలని నిర్ణయించే ముందు, హైపో మాత్రమే వాడి ఉంటే సిట్రిక్‌తో, సిట్రిక్ మాత్రమే వాడి ఉంటే హైపోతో మరొకసారి నానబెట్టి చూడాలి.