పట్టేసిన పాత కుట్టుమిషనును మళ్లీ నడిపించడం ఎలా

అటక మీదో, పాత ఇనుప సామాన్ల కొట్టులోనో దొరికే నల్ల కుట్టుమిషన్లలో చక్రం కదలనివే ఎక్కువ. చాలావాటిలో విరిగిందేమీ ఉండదు. ఏళ్ల తరబడి పోసిన కొబ్బరినూనె జిగురై, ఆ జిగురు గట్టి పెంకులా మారి కీళ్లన్నిటినీ పట్టేసి ఉంటుంది. కొనేవాళ్లకు ఇది మంచిదే, తిరగని మిషను చవగ్గా వస్తుంది. అందుకని కొనేముందు చక్రం సంగతి పక్కనపెట్టి, మళ్లీ దొరకని భాగాలు ఉన్నాయా, ఇనుప పోతలో ఎక్కడైనా పగులుందా చూడండి.

మొదటిసారి బాగుచేసేవాళ్లకు 15 క్లాసు (సింగర్ కంపెనీ 15వ నంబరు నమూనా) మిషను మేలు. సింగర్ 15కె, అదే నమూనాలో వచ్చిన ఉషా నల్ల మిషన్లు ఈ కోవలోవి. బాబిన్ (కింది దారం చుట్టే ఉండ), అది కూర్చునే బాబిన్ కేసు, షటిల్ (పైదారాన్ని కింది దారం చుట్టూ తిప్పే భాగం), దారం బిగుతును సరిచేసే టెన్షన్ స్ప్రింగు టైలరింగ్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. పడవ ఆకారపు షటిల్ ఉండే సింగర్ 27, 28, 127, 128 మోడళ్లు ముచ్చటగా ఉంటాయి గానీ షటిల్, పొడుగాటి బాబిన్ లేకుండా అమ్ముతుంటే వదిలేయండి. వాటిని వెతికిపట్టుకోవడం మిషను దొరకడం కంటే కష్టం.

సింగర్ వయసు చెప్పేది బెడ్ (మిషను కింది చదును పీఠం) మీద కొట్టిన నంబరు. ముందు అక్షరం లేకపోతే దాదాపు 1900కు ముందుది. ఇజి, ఇహెచ్ (EG, EH) అనే జంట అక్షరాలుంటే 1950 ప్రాంతంలో స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైంది. మోడల్ నంబరు చివరి ‘కె’ కూడా ఆ ఫ్యాక్టరీ గుర్తే. నీలం అంచు ఇత్తడి బిళ్లను చూపించి ‘వందేళ్ల నాటిది’ అంటారు. దాని మీదున్నది 1851–1951, అంటే కంపెనీ నూరేళ్ల పండుగ బిళ్ల. మిషను మాత్రం 1951 ప్రాంతానిది.

పట్టు వదిలించడం

ముందు సూది, బాబిన్ కేసు, పాదం, సూది కింది ప్లేటు, ఎడమవైపు మూత తీసేయండి. ఏది ఎటు ఉందో ప్రతి మెట్టులోనూ ఫోటో తీసుకోండి. స్క్రూడ్రైవరు మొన స్క్రూ గాడి నిండా పట్టాలి. సన్నగా ఉంటే గాడి చెదిరిపోతుంది, ఇక ఆ స్క్రూ రాదు. బిగుసుకున్న స్క్రూ మీద ఒక చుక్క కిరసనాయిలు వేసి గంట ఆగి, ముందు కాస్త బిగించే వైపు తిప్పి ఆ తర్వాత వదులు చేయండి.

మిషను పట్టేయడానికి జిగురు తర్వాతి కారణం షటిల్ వెనక ఇరుక్కున్న దారపు ముక్కలు. 15 క్లాసులో సూదిని పైకంటా లేపి, షటిల్ రింగును పట్టి ఉంచే రెండు లివర్లనూ పక్కకు జరిపితే రింగు, దాని వెంట షటిల్ బయటికొస్తాయి. లోపలి నల్ల దారాన్ని పట్టకారుతో లాగేయండి. షటిల్ మొన మీద గోరు నడపండి. గరుకు తగిలితే కుట్టు తప్పుతుంది, దారం తెగుతుంది. చిన్న గరుకైతే చాలా సన్నని ఎమెరీ కాగితంతో నునుపు చేయొచ్చు, మొన విరిగితే కొత్త షటిల్ కొనాల్సిందే.

తర్వాత మిషనును వెనక్కి వాల్చి, కదిలే ప్రతి కీలులో, పైనున్న ప్రతి నూనె చిల్లులో కిరసనాయిలు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున చక్రాన్ని రెండువైపులా కొద్ది కొద్దిగా ఊపండి. పటకారు పెట్టి తిప్పితే లోపలి కడ్డీ వంగుతుంది. ఇంకా రాకపోతే మళ్లీ కిరసనాయిలే. హెయిర్ డ్రైయరుతో వేడిచేస్తే జిగురు త్వరగా మెత్తబడుతుంది గానీ, కిరసనాయిలు పూర్తిగా తుడిచి, ఆరాకే ఆ పని చేయాలి.

కదలిక వచ్చాక తెల్లని మిషను ఆయిలు కీలుకు ఒక్కో చుక్క వేసి, దారం లేకుండా కొన్ని నిమిషాలు తిప్పండి. నల్లగా కారినది తుడిచి, కారేది తెల్లగా వచ్చేదాకా మళ్లీ వేయండి. కొబ్బరి, ఆముదం, వేరుశనగ నూనెలు గాలి తగిలి మళ్లీ జిగురవుతాయి, వాటి జోలికి పోవద్దు.

చక్రం తిరుగుతున్నా సూది కదలకపోతే చక్రం మధ్యలోని నాబు లోపలి వాషరును అనుమానించండి. బయటికి మూడు చెవులు, లోపలికి రెండు పళ్లు ఉండే వాషరది. తప్పుగా పెడితే నాబు బిగిసినా చక్రం పట్టదు, లేదా అసలు వదలదు. తీసి సగం చుట్టు తిప్పి పెట్టండి.

బంగారు పూలు

బెడ్ మీది బంగారు పూల పైన పాతకాలపు లక్క పూత ఉంటుంది. స్పిరిట్, థిన్నరు, పెట్రోలు, సబ్బునీళ్లు, ఇత్తడి పాలిష్ ఏవి తగిలినా పూలు వెండిరంగుకు తిరుగుతాయి, లేదా మొత్తం ఊడిపోతాయి. మిషను ఆయిలులో తడిపిన పాత నూలు గుడ్డతో, ముందు వెనకవైపు మూల చిన్నచోట చూసుకుని, నెమ్మదిగా రుద్దండి. కొత్త నల్ల రంగు కొట్టించి మెరిపించాలని చాలామందికి అనిపిస్తుంది. సేకరించేవాళ్ల దృష్టిలో అరిగిన అసలు రంగుకున్న విలువ దానికి ఉండదు. నికెల్ ప్లేటును అతి సన్నని ఉక్కు పీచు, ఆయిలుతో రుద్దితే చాలు.

కుట్టు సరిచేయడం

పారిశ్రామిక మిషన్ల గుండ్రటి సూది ఇందులో పనికిరాదు. ఒకవైపు చదునుగా ఉండే హెచ్‌ఎ–1 సూది అడగండి. నూలు గుడ్డకు 14 నంబరు సూది, పల్చని బట్టకు 11, మందానికి 16. సూదిని పైకి ఆనేదాకా నెట్టి బిగించాలి. సూదికి దగ్గర్లోని చివరి దారపు కొక్కెం ఎటువైపుంటే సూది పొడుగు గాడి అటు, చదును దానికి ఎదురు. ఇది తప్పితే ఒక్క కుట్టు కూడా పడదు.

పైదారాన్ని నొక్కిపట్టే టెన్షన్ బిళ్లలను విడదీస్తే, ఉబ్బెత్తు ముఖాలు ఎదురెదురుగా, దారం వాటి మధ్య వెళ్లేలా తిరిగి పెట్టండి. మధ్యలోని చిన్న పిన్ను పోతే పాదం ఎత్తినా దారం వదలదు. దారాన్ని ఎప్పుడూ పాదం ఎత్తి ఎక్కించాలి. బట్ట కింద గుత్తులు పడితే తప్పు పైదారానిది, బట్ట పైన ముళ్లు పడితే బాబిన్ వదులుగా ఉందో, పైదారం మరీ బిగుతుగా ఉందో చూడాలి. బాబిన్ కేసును దారంతో వేలాడదీస్తే నిలబడాలి, చిన్న కుదుపుకు అంగుళం, రెండంగుళాలు జారాలి. దాని స్క్రూను ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పకండి. రెండు పొరల నూలు గుడ్డ మీద, అంగుళానికి 10–12 కుట్లు పెట్టి పరీక్షించండి.

కాలితో తొక్కే మిషనుకు 5 మిల్లీమీటర్ల తోలు బెల్టు వేస్తారు. కొత్త తోలు సాగుతుంది, కాబట్టి కొన్నాళ్లు వాడాక ఒకసారి కత్తిరించి మళ్లీ క్లిప్పు వేయాలి. మరీ బిగిస్తే తొక్కడం భారమవుతుంది. చక్రం పైభాగం మీవైపు తిరగాలి, అవతలివైపు తిరిగితే దారం చిక్కుపడుతుంది. మోటారు ఉన్న మిషనైతే పాత రబ్బరు తీగ పగిలి ఉంటుంది. తీగ మార్చేదాకా ప్లగ్గు పెట్టకండి.