మాజీ ముఖ్యమంత్రిపై కేసుల గురించి ఊళ్లో చర్చా సభ నడపడం ఎలా?

విజయవాడలో గానీ గుంటూరులో గానీ నలుగురు కూర్చున్న చోట "పదవి దిగిన ముఖ్యమంత్రిపై కేసు పెట్టి విచారించవచ్చా?" అని అడిగి చూడండి. సమాధానం రాదు. "ఎవరి గురించి అడుగుతున్నారు?" అనే ఎదురు ప్రశ్న వస్తుంది. అలా అడిగినవారిని తప్పుపట్టలేం. 2012 మే 27న జగన్‌మోహన్‌రెడ్డిని ఆస్తుల కేసులో సీబీఐ అరెస్టు చేయడం ఇక్కడివారు చూశారు. 2019లో ఆయన ముఖ్యమంత్రి కావడమూ చూశారు. 2023 సెప్టెంబరు 9న మాజీ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడిని నంద్యాలలో అరెస్టు చేసి, విజయవాడ ఏసీబీ కోర్టులో హాజరుపరచి, రాజమహేంద్రవరం జైలుకు పంపడం చూశారు. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన మళ్లీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయడమూ చూశారు. ఒకే ఇంట్లో అన్నకు న్యాయంగా కనిపించిన కేసు తమ్ముడికి కక్ష సాధింపుగా కనిపిస్తుంది. ఆ అన్నదమ్ములిద్దరినీ ఒకే హాల్లో రెండు గంటలు కూర్చోబెట్టి, ఇద్దరూ ఏదో ఒకటి కొత్తగా తెలుసుకుని ఇంటికి వెళ్లేలా చేయడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ఇందులో చాలా భాగం తప్పు చేసి నేర్చుకున్నదే. కొన్నేళ్ల కిందట గుంటూరు బ్రాడీపేటలో మేం కొందరం కలిసి పెట్టిన మొదటి సభ పావుగంటలో చెడిపోయింది. బ్యానరు మీద "మాజీ ముఖ్యమంత్రిపై కేసు: న్యాయమా? కక్షా?" అని మేమే రాయించాం. మొదటి వక్త నోరు విప్పకముందే, వెనుక వరుసల్లోని వారు ప్లాస్టిక్ కుర్చీలు ఎత్తుకుని తమవారి వైపు జరిగారు. చూస్తుండగానే హాలు మధ్యలో దారి ఏర్పడింది. టీ తెచ్చిన కుర్రాడు ముందు ఎటువైపు ఇస్తే ఏమవుతుందోనని ఫ్లాస్కు పట్టుకుని ఆ దారిలోనే నిలబడిపోయాడు. లోపం వచ్చినవారిలో లేదు, మేం రాయించిన మాటల్లో ఉంది.

తీర్మానం రాయడం

అందుకే పనిలో సగం తీర్మానం రాయడంలోనే ఉందని నా అభిప్రాయం. తీర్మానంలో మనిషి పేరు గానీ, పేరు స్ఫురించే వర్ణన గానీ ఉండకూడదు. చట్టంలో నిజంగా తెగని ఒక ప్రశ్న ఉండాలి. "అవినీతిపరులను శిక్షించాలా?" అన్నది తీర్మానం కాదు, ఎందుకంటే కాదనేవారు ఉండరు. మాకు బాగా పనికొచ్చినవి రెండున్నాయి.

మొదటిది: "పదవిలో ఉండగా తీసుకున్న నిర్ణయంపై దర్యాప్తు మొదలుపెట్టడానికి ముందస్తు అనుమతి ఉండి తీరాలా?" అవినీతి నిరోధక చట్టంలో 17ఎ సెక్షన్ 2018 జులై 26 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ సేవకుడు అధికార హోదాలో చేసిన సిఫారసుపైనో, తీసుకున్న నిర్ణయంపైనో పోలీసులు విచారణ జరపాలంటే ముందుగా అనుమతి పొందాలని, లంచం తీసుకుంటూ అక్కడికక్కడే పట్టుబడితే అది అక్కరలేదని ఆ సెక్షన్ చెబుతుంది. 2018కి ముందు జరిగిన పనులకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నపై, మనందరికీ తెలిసిన చంద్రబాబునాయుడి కేసులోనే, 2024 జనవరి 16న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరూ భిన్నాభిప్రాయాలు రాశారు. ఇద్దరు సుప్రీంకోర్టు న్యాయమూర్తులకే కుదరని చోట మన హాల్లో ఇద్దరికి కుదరకపోతే నామోషీ ఏమీ లేదు. ఈ మాట సభ మొదట్లోనే చెబితే గొంతులు కొంత తగ్గుతాయి.

రెండోది: "ప్రభుత్వం మారినప్పుడు పాత కేసును ఉపసంహరించుకునే అధికారం కొత్త ప్రభుత్వానికి ఉండాలా?" ఇప్పటి పరిస్థితి ఏమిటంటే, పార్లమెంటు సభ్యులపైనా శాసనసభ్యులపైనా, వారు మాజీలైనా సరే, ఉన్న కేసులను సంబంధిత హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రక్షణ చాలునా, ఎక్కువైందా అన్నదానిపై రెండు వైపులా గట్టి వాదనలు దొరుకుతాయి.

ముగిసిన కేసును ఎంచుకోవడం

నడుస్తున్న కేసును చర్చకు పెట్టకండి. దానికి చట్టపరమైన కారణం ఒకటి ఉంది, తరువాత చెబుతాను. అంతకన్నా పెద్ద కారణం, నడుస్తున్న కేసులో ఎవరికీ పూర్తి సాక్ష్యం తెలియదు కాబట్టి అందరూ తమ పత్రికలో చదివిన ముక్కనే సాక్ష్యమనుకుంటారు. ముగిసిన కేసులో మొదలు, మధ్య, తుది తెలుసు. వాదించడానికి నేల ఉంటుంది.

మన తెలుగువారికి పి.వి. నరసింహారావు కేసును మించిన పాఠం లేదు. 1993లో ఆయన ప్రభుత్వంపై పెట్టిన అవిశ్వాస తీర్మానం వీగిపోవడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు లంచం ముట్టిందన్న ఆరోపణపై, పదవి దిగాక ఆయన నిందితుడిగా కోర్టుకు వెళ్లారు. 2000లో ఢిల్లీలోని ప్రత్యేక కోర్టు ఆయనను దోషిగా తేల్చి మూడేళ్ల శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అని తేల్చింది. ఈ రెండు తేదీల మధ్య ఆయనను మనం ఏమని పిలవాలి? ఈ ప్రశ్న వేయగానే మా రెండో సభలో, కింది కోర్టు తీర్పు రాగానే స్వీట్లు పంచేవారూ, కోర్టునే తిట్టేవారూ ఒకేసారి ఆలోచనలో పడ్డారు. ఇదే వ్యవహారంలో 1998లో సుప్రీంకోర్టు, డబ్బు తీసుకుని ఓటేసిన ఎంపీలకు రాజ్యాంగ రక్షణ ఉందని చెప్పింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. పీవీకి భారతరత్న ప్రకటించింది కూడా ఆ ఏడాదే. ఒక్క మనిషి కథలో ఇన్ని మలుపులుంటే, వక్తలు దాన్ని తమ పార్టీ సొత్తు చేసుకోవడం కష్టం.

రెండో తీర్మానానికైతే బిహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా కేసు అచ్చంగా సరిపోతుంది. పట్నా సహకార బ్యాంకు వ్యవహారంలో ఆయన పదవిలో లేనప్పుడు కేసు నమోదైంది. 1980లో ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యాక ప్రభుత్వం ఆ కేసును ఉపసంహరించుకోవాలని నిర్ణయించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరితే, చివరికి ఐదుగురిలో ముగ్గురు ఉపసంహరణను సమర్థించారు, ఇద్దరు వ్యతిరేకించారు. కథ వింటున్నవారు మన రాష్ట్రాన్ని తలచుకోకుండా ఉండలేరు. తలచుకోనివ్వండి, పైకి అననివ్వకండి.

తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి జయలలిత ఆస్తుల కేసు మూడో నమూనా. సాక్షులు మాట మారుస్తున్నారన్న ఫిర్యాదు మీద ఆ కేసును 2003లో సుప్రీంకోర్టు చెన్నై నుంచి బెంగళూరుకు మార్చింది. 2014లో శిక్ష, 2015లో హైకోర్టు విడుదల, 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మిగతా నిందితులకు మళ్లీ శిక్ష ఖరారు. అప్పటికి ఆమె మరణించి రెండు నెలలు దాటింది. ఆలస్యమైన విచారణ వల్ల ఎవరికి లాభమని అడగడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు. పెద్దవయసువారు ఎక్కువగా వస్తే 1977 అక్టోబరు 3న ఇందిరాగాంధీని అరెస్టు చేయడం, మరునాడే మేజిస్ట్రేటు ఆమెను విడుదల చేయడం కూడా కలపండి. తొందరపడి పెట్టిన కేసు పెట్టినవారికే ఎలా ఎదురుతిరుగుతుందో వారే చెబుతారు.

మాటల పట్టిక

సభకు వారం ముందు ఒకే పేజీలో మాటల పట్టిక తయారుచేసి, జిరాక్సు తీయించి, వచ్చిన ప్రతివారి చేతిలో పెట్టండి. ఎఫ్ఐఆర్ అంటే నేరం జరిగిందని పోలీసులకు అందిన సమాచారం మాత్రమే. రిమాండు రిపోర్టు అంటే ఫలానా వ్యక్తిని కస్టడీలో ఉంచాలని దర్యాప్తు అధికారి కోర్టును కోరుతూ రాసే కాగితం. మన టీవీలలో "సంచలన విషయాలు" అని చదివేది ఎక్కువగా ఇదే. ఛార్జిషీటు దర్యాప్తు ముగిశాక వస్తుంది. కోర్టు అభియోగాలు నమోదు చేశాకే విచారణ మొదలవుతుంది. బెయిలు రావడం నిర్దోషి అనడం కాదు, బెయిలు రాకపోవడం దోషి అనడమూ కాదు. ఈ చివరి వాక్యాన్ని పెద్ద అక్షరాలతో వేయండి, సభలో సగం తగాదాలు దాని దగ్గరే ఆగుతాయి.

పట్టిక అడుగున మూడు విషయాలు చేర్చండి. రాజ్యాంగంలోని 361వ అధికరణం పదవిలో ఉన్న రాష్ట్రపతికి, గవర్నర్లకు క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఇస్తుంది గానీ ముఖ్యమంత్రికి, ప్రధానికి ఇవ్వదు. మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే కేసులో, దుర్వినియోగం చేశారన్న పదవిని నిందితుడు అప్పటికే వదిలేసి ఉంటే ప్రాసిక్యూషన్‌కు అనుమతి అక్కరలేదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 సవరణ తరువాత అవినీతి నిరోధక చట్టం కింద పదవి దిగినవారికి కూడా ఆ అనుమతి కావాలి. రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే చట్టసభ సభ్యత్వం పోతుంది, విడుదలయ్యాక ఆరేళ్ల దాకా పోటీ చేయడం కుదరదు.

హాలు, అధ్యక్షుడు, వక్తలు

వీటి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో తొలి గ్రంథాలయ సభ జరిగిన బెజవాడలో చదువరులకు చోటు కరువు కాదు. పార్టీలు వాడని హాలు, వీలైతే గ్రంథాలయం హాలు చూసుకోండి. స్థానిక పోలీసు స్టేషన్లో సమాచార లేఖ ఇచ్చి, రెండో ప్రతిపై స్టాంపు వేయించుకోండి. అధ్యక్ష స్థానంలో న్యాయవాదిని కూర్చోబెట్టకండి, వారికి మాట్లాడే అలవాటు ఎక్కువ. మాకు కలిసొచ్చినది పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు. గంట కొట్టడానికి ఆయన చెయ్యి ఎవరిని చూసీ వెనకాడేది కాదు. వక్తలు నలుగురు చాలు. ఎవరు ఏ పక్షం వాదించాలో పది రోజుల ముందు చీటీలు వేసి తేల్చండి. తన నమ్మకానికి ఎదురు పక్షం వచ్చినవాడే బాగా చదివి వస్తాడని మా అనుభవం.

"మరి వాళ్లు చేసినప్పుడు?" అన్న ప్రశ్న

మీరెంత జాగ్రత్తపడినా ఈ ప్రశ్న వస్తుంది, బహుశా మొదటి అరగంటలోనే. దాన్ని నోరు మూయించే ప్రశ్నగా కొట్టిపారేయడం మేం చేసిన రెండో తప్పు. ఒకే నేరానికి ఒకరిపై కేసు, మరొకరిపై మౌనం ఉంటే చట్టం ముందు సమానత్వం ఎక్కడుందని అడగడం పౌరుడి హక్కు. అయితే ఆ ప్రశ్నలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి: కేసు పెట్టినవారి ఉద్దేశం మంచిదేనా అన్నది ఒకటి, కేసులో సాక్ష్యం ఉందా అన్నది రెండోది. ఫిర్యాదు చేసినవారికి రాజకీయ వైరం ఉన్నంత మాత్రాన, సాక్ష్యమున్న కేసు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. అధ్యక్షుడు ఈ ప్రశ్న రాగానే, "మీరు అడుగుతున్నది ఉద్దేశం గురించా, సాక్ష్యం గురించా?" అని శాంతంగా అడిగి, ఏది చెబితే ఆ గడిలో బోర్డు మీద రాయాలి. రాయడం ముఖ్యం. తన మాట సుద్దముక్కతో బోర్డెక్కిందని చూసుకున్న మనిషి కూర్చుంటాడు. ఎక్కనివాడు గట్టిగా అరుస్తాడు.

ప్రశ్నలు మైకులో అడగనివ్వకుండా చీటీల మీద తీసుకోవడం మంచిది. వక్తకు ఎనిమిది నిమిషాలు, ప్రశ్నలకు అరగంట, మధ్యలో టీ. టీ రెండు వైపులా ఒకేసారి అందేలా ఇద్దరు మనుషులను పెట్టండి.

నోటి మీద అదుపు

కోర్టు ధిక్కార చట్టం ప్రకారం క్రిమినల్ కేసులో ఛార్జిషీటు దాఖలైనా, కోర్టు సమన్లు జారీ చేసినా కేసు పెండింగులో ఉన్నట్టే. ఆ దశలో విచారణను ప్రభావితం చేసే మాటలు చిక్కులు తెస్తాయి. ముగిసిన కేసులో తీర్పును సహేతుకంగా విమర్శించడం ధిక్కారం కాదని అదే చట్టం చెబుతుంది. ముందు చెబుతానన్న కారణం ఇదే. పరువునష్టం నేరం కొత్త న్యాయ సంహితలోనూ ఉంది కాబట్టి, తీర్పు రాని మనిషిని దోషి అనే వక్తను అధ్యక్షుడు అక్కడికక్కడే "నిందితుడు అనండి" అని సవరించాలి.

ఓటు రెండుసార్లు

సభ మొదలయ్యే ముందు, తీర్మానానికి అవునో కాదో ఒక చీటీ మీద రాయించి, రాసినవారి దగ్గరే ఉంచమనండి. ముగింపులో అదే తీర్మానాన్ని మళ్లీ చదవండి, కాని ఈసారి తాము ఎక్కువగా ఇష్టపడే నాయకుడిని ఒక్క క్షణం నిందితుడి స్థానంలో, తాము ఇష్టపడని పార్టీని అధికారంలో ఊహించుకోమని చెప్పి, చీటీ వెనుక మళ్లీ ఓటు రాయించండి. పేరు ఎవరూ రాయరు, ఎవరూ చెప్పరు. చీటీలను పెట్టెలో వేయించి, ముందూ వెనుకా ఒకే జవాబు ఉన్నవి ఎన్ని, మారినవి ఎన్ని అన్నది మాత్రమే బోర్డు మీద వేయండి. ఏ వైపు ఓటు ఎక్కువ పడిందో ప్రకటించనక్కరలేదు. మా సభలో ఆ లెక్క వేస్తున్నప్పుడు ముందు వరుసలోని ఒక పెద్దాయన, తన చీటీ ఇంకా పెట్టెలో వేయకుండా చేతిలోనే పట్టుకుని, "మాస్టారూ, వెనుక వైపు ఖాళీగా వదిలేయవచ్చా?" అని అడిగారు. వదిలేయవచ్చు. ఖాళీ చీటీలను కూడా విడిగా లెక్కపెట్టి, మూడో గడిలో వేయండి.