మొదటి ఉప్పునీటి అక్వేరియం: డబ్బు ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు

మంచినీటి చేపల్ని రెండు మూడేళ్లు బాగా పెంచాక చాలామందికి ఉప్పునీటి మీదికి మనసు మళ్లుతుంది. నారింజ రంగు ఒంటి మీద తెల్లటి పట్టీలున్న క్లౌన్ ఫిష్‌ను షాపులో చూస్తారు, ట్యాంకూ చేపా ఒకేరోజు ఇంటికి తెచ్చేసుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. నాలుగో రోజుకి రెండు చేపలూ చనిపోయాయి. నీళ్లు చూడటానికి అద్దంలా ఉన్నాయి. వాటిలో అమోనియా (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం) ఎంత ఉందో చూసే టెస్ట్ కిట్ మాత్రం నా దగ్గర లేదు. ఆ డబ్బు పెట్టి రంగు లైటు కొన్నాను. ఆ రెండు చేపల విషయం తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే బడ్జెట్ చూసుకుని మొదలుపెట్టేవాళ్లకు ముందే చెబుతాను. గాజు దగ్గర, స్టాండు దగ్గర, లైటు దగ్గర ఎంత తగ్గించుకున్నా ఫర్వాలేదు. నీళ్ల దగ్గర మాత్రం తగ్గించుకోవద్దు. కొనే వరుస కూడా అలాగే ఉండాలి: టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగి ఉన్న ఖనిజాలు, లవణాలు ఎంతో చూపేది), రిఫ్రాక్టోమీటరు (ఉప్పదనం కొలిచేది), అమోనియా, నైట్రైట్, నైట్రేట్ కిట్లు, మెరైన్ సాల్ట్ (అక్వేరియం కోసం తయారుచేసే సముద్రపు ఉప్పు మిశ్రమం), రెండు కొత్త బకెట్లు. ఇవి ఇంటికి వచ్చాకే ట్యాంకు సంగతి.

ఎండాకాలంలో మొదలుపెట్టొద్దు

సముద్రపు చేపలకు 24 నుంచి 27 డిగ్రీల నీళ్లు హాయి. మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు 31, 32 డిగ్రీలకు ఇట్టే చేరుతుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఉప్పునీళ్లలో అది అసలే తక్కువ. దసరా తర్వాత మొదలుపెడితే ఎండలు ముదిరేసరికి ట్యాంకుకు ఐదారు నెలల వయసు వస్తుంది, మీకూ చేయి తిరుగుతుంది.

చిల్లర్ (నీళ్లను చల్లబరిచే మిషను) కొనే స్తోమత లేకపోతే నీళ్ల పైభాగానికి గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాను బిగించండి. హైదరాబాద్, కరీంనగర్ లాంటి పొడి ఎండల్లో దానితో రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాను అంతగా పనిచేయదు. అక్కడివాళ్లు ట్యాంకును ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలోనే పెట్టుకోవాలి.

ఫ్యాను పెట్టాక ఇంకో చిక్కు వస్తుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. 100 లీటర్లలో 10 లీటర్లు ఆవిరైతే 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు) ఉన్న ఉప్పదనం దాదాపు 39కి చేరుతుంది. కాబట్టి రోజూ తగ్గినంత మేర ఉప్పు కలపని శుద్ధమైన నీళ్లే పోయాలి. గాజు మీద స్కెచ్‌పెన్‌తో ఒక గీత గీసుకోండి, పొద్దున్నే ఆ గీత దాకా నింపండి. ఉప్పునీళ్లు పోసి నింపితే ఉప్పదనం రోజురోజుకీ పెరిగిపోతుంది.

నీళ్లు, ఉప్పు, ఇసుక

ఇంట్లో ఆర్వో ఉంది కదా అని ధీమాగా ఉండకండి. తాగే నీళ్లకు రుచి రావాలని చాలా ఆర్వో మిషన్లలో కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతారు, లేదా ఖనిజాల క్యాట్రిడ్జ్ పెడతారు. ట్యాంకుకు కావాల్సిన నీళ్లు టీడీఎస్ మీటరులో సున్నా, లేదా సున్నాకి దగ్గరగా చూపించాలి. ఆర్వో తర్వాత మిగిలిన లవణాలను కూడా పట్టేసే ఒక డీఐ రెజిన్ క్యాట్రిడ్జ్ తగిలిస్తే ఆ పని అవుతుంది. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు నేరుగా వద్దు. ఆ శుద్ధమైన నీళ్లను రాగి బిందెలో, ఇత్తడి చెంబులో మాత్రం పట్టకండి. రాగి ఏ కొంచెం దిగినా రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి.

వంటింటి ఉప్పు, కల్లుప్పు పనికిరావు. కల్లుప్పు కూడా సముద్రం నుంచి వచ్చిందే కదా అని అడుగుతారు. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మళ్లలో గట్టిపడేది చాలావరకు సోడియం క్లోరైడ్. మెగ్నీషియం లాంటివి మిగిలిన చేదు నీళ్లలోనే ఉండిపోతాయి. అవన్నీ సరైన పాళ్లలో ఉండేది మెరైన్ సాల్ట్‌లోనే. లీటరుకు సుమారు 36 గ్రాములు పడుతుంది. 100 లీటర్ల ట్యాంకులో వారానికి 10 లీటర్లు మారిస్తే నెలకు కిలోన్నర ఉప్పు. మొదటి రోజు ఖర్చు ఎంతైనా ఎలాగో పెట్టేస్తాం, నెలనెలా వచ్చే ఈ ఖర్చు, కరెంటు బిల్లు ముందే లెక్క వేసుకోండి. ఉప్పును బకెట్లో కలిపి, చిన్న పంపుతో ఒక రోజంతా తిప్పి, రిఫ్రాక్టోమీటరులో 35 చూపించాకే ట్యాంకులో పోయాలి.

విశాఖవాళ్లకు బీచ్ పక్కనే ఉంది, నీళ్లు తెచ్చుకుంటే పోలేదా అనిపిస్తుంది. ఒడ్డు నీళ్లలో మురుగు, హార్బర్ నూనె ఉంటాయి. వానాకాలంలో, ఆ తర్వాత కొన్నాళ్లు నదుల నీళ్లు వచ్చి కలవడంతో ఉప్పదనమూ పడిపోతుంది. ఇసుక సంగతి కూడా అంతే. విశాఖ నుంచి భీమిలి దాకా ఒడ్డున కనిపించే నల్లని ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. ట్యాంకుకు అరగొనైట్ (ఒక రకం కాల్షియం కార్బొనేట్) ఇసుక కొనండి. డబ్బు చాలకపోతే అడుగున ఇసుక లేకుండా వదిలేసినా నష్టం లేదు.

ఓపిక పట్టే నెలన్నర

ఇక్కడ పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఉప్పునీళ్లు, రాళ్లు, పంపు అన్నీ సిద్ధమయ్యాక ఒక పచ్చి రొయ్యను పలచని గుడ్డలో కట్టి ట్యాంకులో వేలాడదీయండి. అది కుళ్లి అమోనియా వస్తుంది. దాన్ని తినే బాక్టీరియా మెల్లగా పుట్టుకొచ్చి అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి, నైట్రేట్ కనిపించినప్పుడే చేప గురించి ఆలోచించాలి. మంచినీటి ట్యాంకు అనుభవంతో "కొంచెం అమోనియా ఉన్నా తట్టుకుంటాయిలే" అనుకోవద్దు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది, అక్కడ అదే అమోనియా చాలా రెట్లు ఎక్కువ విషమవుతుంది.

మీ ఒంటికి, ఇంటికి

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు నిండా నీళ్లు పోస్తే 127 లీటర్లు. రాళ్లు, గాజు, స్టాండు కలుపుకుంటే 150 కిలోలు దాటుతుంది. స్టాండును రసమట్టంతో సరిచూసి, ట్యాంకు కింద థర్మోకోల్ షీటు వేయండి. ఇనుప స్టాండుకు ఉప్పు తగిలితే తుప్పు ఎంత త్వరగా పడుతుందో చెప్పక్కర్లేదు.

కరెంటు విషయంలో నాకు చాలా టెన్షన్. ఉప్పునీళ్లు కరెంటును మంచినీళ్లకన్నా ఎంతో బాగా ప్రవహింపజేస్తాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పెట్టొద్దు, గోడకు ఎత్తులో బిగించండి. ప్రతి వైరూ కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లి ప్లగ్గులోకి చేరాలి, అప్పుడు జారిన చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఇంట్లో లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు అది పెట్టించండి. ట్యాంకులో చేయి పెట్టే ముందు హీటరు, పంపు అన్నీ ఆపాలి. కరెంటు పోయినప్పుడు నీళ్లు కదులుతూ ఉండాలంటే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకోండి.

ఎవరి దగ్గరైనా పాత లైవ్ రాక్ (బాక్టీరియా, చిన్న జీవులు పట్టిన సముద్రపు రాయి) చవగ్గా దొరికితే, శుభ్రం చేద్దామని దాన్ని ఉడకబెట్టకండి. రాళ్ల మీద పెరిగే పగడాలకు దగ్గరి బంధువులైన కొన్ని జొయాంథిడ్ జీవుల్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి. చేతికి గాయం ఉంటే గ్లవ్స్ లేకుండా నీళ్లలో పెట్టొద్దు. ట్యాంకు ఉన్న గదిలో దోమల కాయిల్, బొద్దింకల స్ప్రే వాడొద్దు. వాటిలో ఉండే పైరిథ్రాయిడ్లు చేపలకూ రొయ్యలకూ ప్రాణాంతకం. ఫినాయిల్ తాకిన చేతిని కూడా దూరంగా ఉంచండి.

ఏవి కొనాలి, ఏవి వద్దు

మన దేశపు సముద్రాల్లోని రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి రక్షిత జీవుల జాబితాలో ఉన్నాయి. వాటిని పట్టినా, అమ్మినా, కొన్నా నేరమే. ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దనండి.

మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ జంట చాలు. మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కూడా వీటిని హేచరీల్లో పుట్టించి పెంచారు. హేచరీ చేప సముద్రంలో పట్టిన చేపకన్నా ఆరోగ్యంగా ఉంటుంది, మేతకూ త్వరగా అలవాటు పడుతుంది. సముద్రంలో అవి ఆశ్రయం పొందే ఎనిమోన్ అనే జీవి ట్యాంకులో వాటికి అక్కర్లేదు. నీలిరంగు టాంగ్ అనే చేప ఒక అడుగు దాకా పెరుగుతుంది, రెండడుగుల ట్యాంకులో దాన్ని పెట్టడం అన్యాయం. లయన్ ఫిష్ ముళ్లలో విషం ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

చేపను తెచ్చాక ముందు వేరే చిన్న ట్యాంకులో నాలుగు వారాలు ఉంచి చూడండి. ఒంటి మీద తెల్ల చుక్కలు వచ్చినా, శ్వాస వేగంగా ఆడుతున్నా మందు అక్కడే వేయాలి. రాగి ఉన్న మందు పెద్ద ట్యాంకులో పడితే అందులోని రొయ్యలు, నత్తలు మిగలవు. ఎప్పుడైనా చేపల్ని పెంచలేకపోతే చెరువులోనో సముద్రంలోనో వదలకండి. షాపువాళ్లకో, ఇంకో పెంపకందారుకో ఇచ్చేయండి.