పరపతి పాఠాలు – నాలుగో భాగం: అరువు ఇచ్చే విద్య

గత పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. మీ కొట్టు తాళాలనూ గల్లాపెట్టెనూ ఒక పూట ఎవరికి అప్పగించి నిశ్చింతగా ఊరెళ్లగలరో ఆ పేర్లు రాయమనీ, ప్రతి పేరు పక్కన ఆ నమ్మకం ఏ సంఘటనతో కలిగిందో ఒక్క వాక్యం రాయమనీ అడిగాను. పేర్లు తేలికగానే వచ్చి ఉంటాయి, వాక్యాలే ఇబ్బంది పెట్టి ఉంటాయి. "మనవాడు", "మంచి కుటుంబం" అని రాసిన చోట్ల గీత కొట్టేసి మళ్లీ ప్రయత్నించండి. "చిల్లరలో రెండు వందలు ఎక్కువ వచ్చాయని మర్నాడు వెతుక్కుంటూ వచ్చి ఇచ్చాడు" అన్నటువంటిది ఇక్కడ పనికివచ్చే వాక్యం. ఆ పట్టిక పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. చివరలో దానితో మళ్లీ పని ఉంది.

పరపతి అన్న మాటను మనం రెండర్థాలతో వాడుతాం. సహకార పరపతి సంఘం అన్నప్పుడు అది అప్పు. ఊళ్లో ఆయనకు మంచి పరపతి ఉందన్నప్పుడు అది పలుకుబడి. సామాజిక మూలధనం అని శాస్త్రజ్ఞులు పేరు పెట్టినది ఈ రెండో పరపతి మొదటి పరపతిగా మారే తీరునే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ 1988లో దీన్ని వివరించడానికి న్యూయార్క్ వజ్రాల టోకు వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. అక్కడ ఒక వ్యాపారి రాళ్ల సంచిని మరో వ్యాపారి చేతికిచ్చి, ఒంటరిగా తీరిగ్గా పరీక్షించుకోమని పంపేస్తాడు. మేలి రాయి తీసి నాసి రాయి పెట్టడనే హామీ కాగితం మీద ఎక్కడా ఉండదు. ఆ వ్యాపారం ఎక్కువగా ఒకే యూదు సమాజం చేతుల్లో ఉండేది. బ్రూక్లిన్‌లో ఒకే చోట కాపురాలు, వాళ్లలో వాళ్లకే వియ్యాలు, ఒకే ప్రార్థనా మందిరాలు. అటువంటి చోట మోసం చేసినవాడికి బేరంతోపాటు పిల్ల సంబంధమూ చెడిపోతుంది.

ఈ ఉదాహరణ చెప్పినవారు సాధారణంగా ఇక్కడే ఆగి నమ్మకాన్ని మెచ్చుకుంటారు. నాకు అందులో రెండో సగం కూడా కనిపిస్తుంది. ఆ గూటిలో పుట్టనివాడికి ఆ సంచి ఎవరిస్తారు? మన బజార్లలో కూడా అరువు ఎవరికి అడగ్గానే దొరుకుతుందో, ఎవరిని నగదు తెమ్మంటారో గమనిస్తే, కులమూ ఊరూ బంధుత్వమూ గీసిన గీతలు స్పష్టంగానే కనిపిస్తాయి. బంధుత్వాన్ని చూసి అరువివ్వడానికి విద్య అక్కర్లేదు. పరిచయం లేనివాడి నడవడిని చూసి, లెక్కగా, ఇద్దరి మర్యాదా చెడకుండా అరువివ్వడమే నేర్చుకోవలసిన పని, ఈ పాఠం దాని గురించే.

మొదటి నేర్పు గడువు అడగడంలో ఉంది. "ఎప్పుడిస్తారు?" అన్న ప్రశ్నకు మొహమాటపడే మనిషి చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: "వచ్చే వారం." అది అబద్ధమని అతనికీ తెలుసు, మీకూ తెలుసు, అయినా ఇద్దరూ తలూపుతారు, బాకీ చెడిపోవడం ఆ తలూపుతోనే మొదలవుతుంది. అడగవలసిన ప్రశ్న వేరు: "మీకు డబ్బు ఎప్పుడొస్తుంది?" ఎరువులు, పురుగుమందుల కొట్టులో అది ఇలా జరుగుతుంది.

"బాబాయ్ గారూ, పత్తి మొదటి తీత ఎప్పుడు?"

"దీపావళి దాటాకేనయ్యా."

"అమ్మి డబ్బు చేతికి వచ్చేసరికి కార్తీక పౌర్ణమి అవుతుందేమో. ఆ మర్నాటి తేదీ వేస్తున్నాను, సరేనా?"

"మర్నాడొద్దు, నాలుగు రోజులు కలిపి వెయ్యి. కూలీలకిచ్చాక నీకిస్తా."

ఆ చివరి మాట విలువ గ్రహించండి. తన డబ్బు ఏ వరసలో ఎవరికి వెళ్తుందో ఆ రైతు మీకు చెప్పేశాడు. మీరు కూలీల తర్వాతి వరసలో ఉన్నారని తెలుసుకున్నారు కనుక ముందే వెళ్లి అడిగి భంగపడరు. ఉద్యోగికి ఒకటో తారీఖు, దర్జీకి దసరా సంక్రాంతుల ముందరి నెల, తాపీ మేస్త్రీకి శనివారం సాయంత్రపు బట్వాడా. ఒక్కొక్కరి చేతికి డబ్బు అందే రోజు ఒక్కొక్కటి. ఖాతా పుస్తకంలో పేరు పక్కన ఆ రోజును రాసుకునే కొట్టు చాలా అరుదుగా చూశాను.

రెండో నేర్పు రాత. మనవాళ్లలో ఒక విచిత్రమైన అభిప్రాయం ఉంది: నమ్మకమున్న చోట కాగితం అవమానమని. నా అనుభవంలో స్నేహాలు చెడింది కాగితం వల్ల తక్కువ, కాగితం లేకపోవడం వల్ల ఎక్కువ. పాతకాలపు కొట్లలో ఏ రోజు లావాదేవీ ఆ రోజు చిట్టాలోకి ఎక్కేది, అక్కడినుంచి మనిషి పేరున ఆవర్జాలోకి వెళ్లేది. ఈ రోజు సెల్‌ఫోన్‌లో చేసినా క్రమం అదే. అయితే మీ పుస్తకంలో మీరొక్కరే రాసుకున్నది సగం రాత మాత్రమే. సరుకు కట్టేటప్పుడే పద్దు పైకి చదివి వినిపించండి, అదే అంకె అతని చేతి చీటీలోనో ఫోన్‌లోకి పంపిన సందేశంలోనో ఉండేటట్టు చూడండి. ఆరు నెలల తర్వాత "అంతుండదే" అన్న మాట అప్పుడు పుట్టదు.

చట్టం సంగతి కొద్దిగా తెలుసుకోవాలి. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అరువు సరుకు బాకీకి మూడేళ్లలో దావా వేయాలి. గడువు చెప్పి ఇచ్చిన సరుకుకు ఆ మూడేళ్లు గడువు తీరిన రోజు నుంచి, గడువు లేకుండా ఇచ్చినదానికి సరుకు అప్పగించిన రోజు నుంచి లెక్క. అది దాటితే కాలదోషం పడుతుంది. ఆ మూడేళ్ల లోపలే బాకీదారు తాను బాకీ ఉన్నట్టు రాసి సంతకం చేసినా, కొంత కట్టి ఆ సంగతి తన చేత్తో రాసినా మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. ప్రోనోటు వెనక చెల్లు వేయించడం అంటే ఇదే. చిల్లర కొట్టువాడు కోర్టుకెక్కేది అరుదే అయినా, చెల్లు వేయించే అలవాటు బాకీదారుకు తన లెక్క తనకు గుర్తుండేలా చేస్తుంది.

ఇక ధర్మాధర్మాలు తేలేది ధర దగ్గర. నగదుకు 1,000 రూపాయలయ్యే మందు డబ్బాను నాలుగు నెలల అరువుకు 1,100 అని రాస్తే, వంద రూపాయలేగా అనిపిస్తుంది. నాలుగు నెలలకు నూటికి పది, అంటే నెలకు నూటికి రెండున్నర వడ్డీ, ఏడాదికి 30 శాతం. ఆ వడ్డీ ఎక్కువా తక్కువా అన్నది మీరు, మీ పెట్టుబడి తేల్చుకోవలసిన విషయం. దాన్ని ధరలో కలిపి దాచడం మాత్రం తప్పని నేను ఖండితంగా చెబుతాను. నగదు ధర ఇది, అరువు ధర ఇది అని రెండూ ఒకే చీటీ మీద రాసి చూపించండి. కొందరు అక్కడికక్కడే నగదు తెస్తారు. మీకు నష్టం లేదు. మిగిలినవారు తెలిసి తీసుకుంటారు.

పురుగుమందుల వర్తకంలో దీనికంటే పెద్ద చిక్కు ఉంది. అరువిచ్చేది మనమే, ఏ మందు కొట్టాలో చెప్పేదీ మనమే, చాలాచోట్ల పంట కొనేదీ మనమే లేదా మనవాళ్లే. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ కమ్మేసినప్పుడు, మందు మీద మందు కొట్టిన రైతులు పంటా పోయి అప్పులూ మిగిలి ప్రాణాలు తీసుకున్నారు. ఆ అప్పుల్లో మందుల కొట్ల ఖాతాల్లోవీ ఉన్నాయి. రైతు మన సలహా విన్నది మన మీద నమ్మకంతో. సలహా ఇచ్చేవాడికి సరుకు అమ్ముడైతే లాభం ఉన్నప్పుడు, "ఈ మాటు కొట్టకపోయినా ఫర్వాలేదు" అని చెప్పగలిగిన రోజునే ఆ నమ్మకానికి మనం అర్హులం. నెలకు ఒక్కసారైనా ఆ మాట అనవలసిన సందర్భం వస్తుంది. వచ్చిందో లేదో, అన్నామో లేదో రాసుకోండి.

మూడో నేర్పు వసూలు. ఇందులో నా తప్పొకటి చెబుతాను. పదకొండేళ్లుగా మా కొట్టుకు వస్తున్న ఒక పెద్దాయన 4,200 రూపాయలు బాకీ పడ్డారు. చెప్పిన తేదీకి నెల దాటింది. ఒకరోజు కొత్తల్లుణ్ణి వెంటబెట్టుకుని మా వీధిన వెళ్తుంటే, నేను గల్లా దగ్గర నుంచే "ఏమండీ, మన లెక్క సంగతి" అని కేకేశాను. కేకలో కోపం లేదు, నవ్వుతూనే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు నేను తలుపు బోర్డులు తీయకముందే గుమ్మంలో నిలబడి ఉన్నారు. నోట్లు బల్ల మీద పెట్టి, లెక్క పెట్టుకోమని, నా ఎదుటే పద్దు కొట్టేయించి వెళ్లిపోయారు. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. డబ్బు పైసలతో సహా వసూలైంది కనుక ఆ రోజు గెలిచాననుకున్నాను కూడా.

సిగ్గు బలమైన తాకట్టు. దాన్ని జప్తు చేస్తే బాకీ తీరుతుంది, మనిషి పోతాడు. ఇదే పనిని సంస్థలు పద్ధతిగా చేస్తే ఏమవుతుందో 2010లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. స్వయం సహాయక బృందాలను బ్యాంకులతో కలిపే ప్రయోగాన్ని 1992లో గ్రామీణ రుణాల జాతీయ బ్యాంకు నాబార్డు 500 బృందాలతో మొదలుపెట్టింది. తెలుగు పల్లెల్లో పొదుపు సంఘాలు దాన్ని చాలా ముందుకు తీసుకెళ్లాయి. ఆడవాళ్లు ఒకరికొకరు పూచీ పడటమే అక్కడ ఆస్తి. పేదలకు చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థలు ఆ పూచీనే వాడుకుని, ఒకే ఇంటికి నాలుగైదు అప్పులిచ్చి, వాయిదా కట్టని మనిషి ఇంటి ముందు ఇరుగుపొరుగు సభ్యుల చేతనే గొడవ చేయించాయన్న ఆరోపణలు వచ్చాయి. ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి రిజిస్ట్రేషను తప్పనిసరి చేసింది, వేధింపులను నిషేధించింది. దాంతో చెల్లింపులే నిలిచిపోయి సంస్థలూ దెబ్బతిన్నాయి.

పొదుపు సంఘాల పంచసూత్రాలు తెలిసినవారికి ఇందులో తేడా కనిపిస్తుంది: క్రమం తప్పని సమావేశం, పొదుపు, సభ్యుల మధ్య అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. వాయిదా తప్పిన సభ్యురాలి సంగతి అక్కడా చర్చకు వస్తుంది గాని, అది సమావేశంలో, పుస్తకం ముందు, ఆమె మాట కూడా వినే చోట వస్తుంది. వాకిట్లో రాదు.

కొట్టుకు దీన్ని అన్వయిస్తే వసూలు మాట ఇలా ఉండాలి. గడువుకు రెండు రోజుల ముందు, ఒంటరిగా, అంకెతో సహా: "బాబాయ్ గారూ, ఎల్లుండికి 4,200 అనుకున్నాం, వీలవుతుందా? కాకపోతే ఎంత వీలైతే అంత వేసి, మిగతాదానికి తేదీ మార్చుకుందాం." తేదీ తప్పక ముందే మార్చమని అడిగినవాడికి మళ్లీ అరువివ్వవచ్చు. తప్పాక ముఖం చాటేసినవాడికి పాత బాకీ తీరేదాకా కొత్త సరుకు ఆపాలి. ఆ సంగతీ ఒంటరిగానే చెప్పాలి.

ఈ వారం అభ్యాసం. మీ ఖాతాలో పాతవైన ఐదు బాకీలు తీయండి. ఒక్కొక్క పద్దు పక్కన ఆ మనిషికి డబ్బు వచ్చే రోజు రాయండి. ఆ ఐదుగురిలో ఎవరి పేరైనా గత పాఠపు పట్టికలో ఉంటే గుర్తు పెట్టండి. డబ్బు వచ్చే రోజు మీకు తెలియని పద్దును ఊహించి నింపకండి, ఖాళీగానే వదలండి; ఐదో పాఠం ఆ ఖాళీ గడి దగ్గర మొదలవుతుంది.