రోమన్ సైనిక పునర్నటన సంఘం – నాలుగో పాఠం: పదకొండో సంచి

గత మూడు పాఠాలలో, పాత రోమన్ సైనికుల వేషం కట్టి వారి జీవితాన్ని ప్రజలకు చూపే మన సంఘం ఏ కాలాన్ని, ఏ దళాన్ని చూపాలో నిర్ణయించుకున్నాం. క్రీ.శ. ఒకటో శతాబ్దపు రెండో సగంలో బ్రిటన్‌లో ఉన్న ఇరవయ్యో లీజియన్‌ను (లీజియన్ అంటే రోమన్ సైన్యపు పెద్ద దళం) ఎంచుకున్నాం. ఎనిమిదిమంది ఒకే గుడారంలో ఉండే కాంటుబెర్నియం అనే చిన్న జట్టునే మన సంఘానికీ పునాదిగా పెట్టుకుని, అడుగు కలిపి నడవడం వరకు సాధన చేశాం. ఈ పాఠం కవచాల యాజమాన్యం గురించీ, సంఘం డబ్బు గురించీ చెబుతుంది. చాలామంది ఈ భాగాన్ని దాటేసి కత్తి సాధనకు వెళ్లాలనుకుంటారు కాని, సంఘం పదేళ్ల తర్వాత కూడా ఉంటుందా లేదా అన్నది తేలేది ఇక్కడే.

ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్‌లో 1972లో ఒక గ్రామ ప్రదర్శన కోసం మొదలైన ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ అనే బృందం యాభై ఏళ్లు దాటి కొనసాగింది. అంతకాలం నిలవాలంటే మొదట ఉత్సాహపడినవారి తర్వాత వచ్చే తరానికి తొడుక్కోవడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. కవచం, శిరస్త్రాణం, డాలు, కత్తి అన్నీ సభ్యుల సొంత ఆస్తులైన సంఘంలో ముగ్గురు నలుగురు పాతవారు ఉద్యోగం మారి ఊరు వదిలితే వారితోపాటు సంఘంలో సగం సైన్యం వెళ్లిపోతుంది. కొత్తగా వచ్చిన యువకుడు అంత ఖర్చు ఒక్కసారి పెట్టలేక వెనుదిరుగుతాడు. మన సురభి నాటక సమాజాలలో తెరలు, కిరీటాలు ఏ ఒక్క నటుడివో కాక సమాజానివి అయినట్టే, కవచాలలో ఒక భాగం సంఘానివై ఉండాలి.

రోమన్లు ఈ సంగతిని తమ పద్ధతిలో ఆలోచించి పెట్టుకున్నారు. సైనిక శాస్త్రం రాసిన వెజీషియస్ పాత లీజియన్ల అలవాటుగా ఒక ఏర్పాటును వివరిస్తాడు. చక్రవర్తి సైనికులకు కానుకగా ఇచ్చిన సొమ్ములో సగం వారి చేతికి రాకుండా ధ్వజాల దగ్గర భద్రమయ్యేది. లీజియన్‌లోని పది కోహార్టులకు, అంటే ఉపదళాలకు, పది సంచులు ఉండేవి. వాటికి తోడు పదకొండో సంచి ఒకటి ఉండేది. అందులో లీజియన్ అంతా కొద్దికొద్దిగా వేసేది, సహచరుడెవరైనా మరణిస్తే అంత్యక్రియల ఖర్చు దానిలోనుంచి వచ్చేది. ఈ సంచుల లెక్కలు చూసేవారు ధ్వజధారులైన సిగ్నిఫెర్‌లే కనుక, ఆ పదవికి నమ్మకస్తులనే కాక చదువు వచ్చినవారిని కూడా ఎంచుకునేవారు. తన సొమ్ము ధ్వజం దగ్గర ఉందని తెలిసిన సైనికుడు ఆ ధ్వజాన్ని వదిలి పారిపోడని, దాని కోసం మరింత గట్టిగా పోరాడతాడని వెజీషియస్ అంటాడు. సంఘం నడిపే వారెవరైనా ఈ మాటను రెండుసార్లు చదవాలి. సభ్యుడి వాటా సంఘంలో ఉన్నప్పుడే అతను సంఘాన్ని తనదిగా చూసుకుంటాడు.

మన సంఘంలో పదకొండో సంచి అంటే ఉమ్మడి నిధి, ఆ నిధితో కొన్న ఉమ్మడి సామగ్రి. మొదటి ఏడాది పూర్తి సైనిక సామగ్రి రెండు జతలు సంపాదించడం లక్ష్యంగా పెట్టుకోండి. క్రమంగా అది ఎనిమిది జతలకు, అంటే ఒక పూర్తి గుడారానికి, చేరాలి. ఏవి సంఘం కొనాలి, ఏవి సభ్యుడు కొనుక్కోవాలి అన్నది వస్తువు స్వభావాన్ని బట్టి తేల్చుకోవాలి. ఇనుప పట్టీల కవచమైన లోరికా సెగ్మెంటాటా ముందువైపు తాళ్లతో బిగించుకునేది కనుక, కొంత లావు సన్నం తేడా ఉన్నవారికి కూడా ఒకే కవచం సరిపోతుంది. రెండు పరిమాణాలలో చేయిస్తే ఎక్కువమందికి అమరుతుంది. పునర్నిర్మించిన కవచం సుమారు 9 కిలోల బరువు ఉంటుంది కాబట్టి భుజాల కింద మెత్తటి దళసరి లోపలి చొక్కా తప్పనిసరి, దాన్ని కూడా సంఘమే కుట్టించాలి. శిరస్త్రాణానికి లోపలి మెత్తను మార్చి పరిమాణం సర్దవచ్చు. వంపు డాలైన స్కూటమ్ అందరికీ ఒకటే. పాదరక్షలైన కాలిగేలు మాత్రం ఎన్నడూ ఉమ్మడిగా ఉంచకండి. అవి పాదానికి కొలిచి చేయవలసినవి, మరొకరి కొలతవి తొడిగితే అరగంట కవాతులోనే పాదం బొబ్బలెక్కుతుంది. కొత్త సభ్యుడు ఉన్ని ట్యూనిక్ (వదులు చొక్కా), కాలిగేలు, నడికట్టు ఈ మూడే మొదటి ఏడాదిలో కొనుక్కోవాలి. ఈ మూడు ఉన్నవాడు కవచం లేకపోయినా శిబిరంలో గోధుమలు విసరవచ్చు, గుడారం వేయవచ్చు, సందర్శకులతో మాట్లాడవచ్చు.

ఒకరి వస్తువును మరొకరు వాడటం చరిత్రకు విరుద్ధమేమోనని కొందరు సంకోచిస్తారు. నిజానికి అది చరిత్రకు చాలా దగ్గర. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక రోమన్ శిరస్త్రాణం మెడకప్పు మీద నలుగురు సైనికుల పేర్లు, కొందరికి వారి శతాధిపతి పేరుతో సహా, చుక్కలతో పొడిచి ఉన్నాయి. ఒకే శిరస్త్రాణం చేతులు మారుతూ తలలు కాపాడిందన్నమాట. ఇంగ్లండ్‌లో టైన్ నదిలో దొరికిన డాలు మధ్య గుబ్బ మీద ఎనిమిదో లీజియన్‌కు చెందిన జూనియస్ దుబితాతుస్ పేరు ఉంది. ఈ ఆచారాన్ని అలాగే మన సంఘంలోకి తీసుకోండి. ఉమ్మడి వస్తువు ప్రతిదానికీ లోపలివైపు ఒక సంఖ్య చెక్కించి, దాన్ని వాడినవారి పేర్లన్నీ ఒక పుస్తకంలో వరుసగా రాసి ఉంచండి. తనకంటే ముందు ఈ కవచం ఎవరు తొడిగారో చదివిన కొత్త సభ్యుడు దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు తుడిచి మరీ ఇస్తాడు. సందర్శకులకు కూడా ఆ శిరస్త్రాణం కథ చెప్పి, మీ పుస్తకం చూపవచ్చు.

ఈ పుస్తకానికి బాధ్యుడు ఒకరే ఉండాలి. లీజియన్‌లో ఆయుధాల సంరక్షకుడికి కుస్టోస్ అర్మోరమ్ అనే హోదా ఉండేది, శాసనాలలో ఆ పేరు కనిపిస్తుంది. మీ సంఘంలో కూడా ఆ హోదా పెట్టి, దానికి గౌరవం ఇవ్వండి. ఇది సభ్యులు తేలిగ్గా తీసుకునే పదవి కాని, నా అభిప్రాయంలో శతాధిపతి కంటే సంఘానికి ఎక్కువ అవసరమైన మనిషి ఇతనే. ప్రదర్శన ముగిసిన సాయంత్రమే ఇనుప భాగాలను పొడిగుడ్డతో తుడిచి పల్చగా నూనె రాయాలి, ఎందుకంటే చెమటలోని ఉప్పు ఒక్క రాత్రిలో తుప్పు మొదలుపెడుతుంది. ఇనుప రేకుకు ఇత్తడి కొక్కీ తగిలించిన చోట తేమ నిలిస్తే ఇనుమును తుప్పు త్వరగా తింటుంది కనుక ఆ చోటును ప్రత్యేకంగా చూడాలి. లోపలి తోలు పట్టీలు ఎండి పగలకుండా నెలకొకసారి కొవ్వు పట్టించాలి. పలుచని చెక్క పొరలు అతికించి చేసిన డాలు వానలో తడిస్తే వంకర పోతుంది, దానికి తోలు తొడుగు కుట్టించి ఉంచాలి. రోమన్లు కూడా ప్రయాణంలో అలాంటి తోలు తొడుగులే వాడారు.

విరిగిన కొక్కీకి అచ్చంగా అలాంటిదే కొత్తది దొరికేదాకా కవచాన్ని మూల పడేయవలసిన పని లేదు. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన సరిహద్దు గోడ అయిన హేడ్రియన్ గోడకు సమీపంలోని కోర్‌బ్రిడ్జ్‌లో 1964లో బయటపడిన పెట్టెలోని కవచాలే ఈ రకం కవచం ఎలా అమరుతుందో మొదటిసారి స్పష్టంగా చూపాయి. ఆ కవచాలలో విరిగిన మడతబందుల చోట రేకులను సూటిగా రివెట్లతో బిగించిన మరమ్మతులు కూడా కనిపిస్తాయి. కనుక మీ సంరక్షకుడి పెట్టెలో ఒక సుత్తి, రివెట్లు, తోలు ముక్కలు, మైనం పట్టించిన దారం ఎప్పుడూ ఉండాలి. శిబిరంలో కూర్చుని సందర్శకుల ఎదుటే మరమ్మతు చేయడం మంచి ప్రదర్శన కూడా అవుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. సంఘానికి వచ్చేది రెండు దారుల్లో: సభ్యత్వ రుసుము, ప్రదర్శనకు పిలిచిన మ్యూజియాలు, పురావస్తు స్థలాలు ఇచ్చే పారితోషికం. పోయేది బీమాకు, సామాన్లు పెట్టుకునే చోటుకు, వ్యాన్‌కు, మరమ్మతులకు. ప్రజల మధ్య ఆయుధాలతో కవాతు చేసే సంఘం పబ్లిక్ లయబిలిటీ బీమా (బయటివారికి జరిగే హానికి పరిహారమిచ్చే బీమా) లేకుండా ఒక్క రోజు కూడా బయటికి రాకూడదు. పిలిచేవారు మొదట అడిగేది ఆ పత్రమే. బ్రిటన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో కత్తి దగ్గర ఉంచుకోవాలంటే తగిన కారణం ఉండాలి కనుక, ప్రదర్శన ఆహ్వానపత్రం వెంట ఉంచుకుని, గ్లాడియస్‌లను, అంటే రోమన్ కత్తులను, దారిలో చేతికి అందకుండా మూసిన పెట్టెలో తీసుకెళ్లండి.

పారితోషికాన్ని వచ్చిన సభ్యుల మధ్య పంచడం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పంచుకోవడం మొదలైన రోజునుంచి ఎవరు వచ్చారు, ఎవరు ఎక్కువసేపు నిలబడ్డారు అన్న లెక్కలు మొదలై స్నేహాలు చెడతాయి. మొదట ప్రయాణ ఖర్చు తీసేసి, మిగిలినదానిలో మూడో వంతు మరో ఆలోచన లేకుండా పదకొండో సంచిలో వేయండి. ఊహకు ఒక లెక్క చూద్దాం: పారితోషికం 600 పౌండ్లు, వ్యాన్‌కు, ఇంధనానికి 150 పౌండ్లు అనుకుంటే, మిగిలిన 450లో 150 ఉమ్మడి సామగ్రి నిధికి పోతాయి, తక్కిన 300 బీమాకు, గోదాముకు, రోజువారీ ఖర్చులకు. ఆ 150ని తర్వాత ఎంత అవసరం వచ్చినా వేరేదానికి తీయకూడదని నియమావళిలోనే రాయండి.

లెక్కలు ఎలా రాయాలో నేర్చుకోవడానికి రోమన్ సైన్యం నుంచే ఒక నమూనా మనకు దక్కింది. ఈజిప్టులో దొరికిన క్రీ.శ. 81 నాటి పపైరస్‌లో (రెల్లుతో చేసిన కాగితం) ఒక సైనికుడి జీతం లెక్క ఉంది. ఒక విడత జీతం 248 ద్రాక్మాలు. అందులో ఎండుగడ్డికి 10, తిండికి 80, పాదరక్షలకు, పట్టీలకు 12, సాటర్నేలియా పండుగ విందుకు 20, బట్టలకు 60 కోశారు. మొత్తం కోత 182, మిగిలినది 66. అది అతని పాత నిల్వకు చేరింది. మీ కోశాధికారి ఏడాదికి మూడుసార్లు, రోమన్లు మూడు విడతల్లో జీతం ఇచ్చినట్టే, ఇదే రూపంలో ఒక పేజీ లెక్క అందరికీ పంపాలి. ఏది ఎక్కడ కోశామో కనిపించినప్పుడు ప్రశ్నలు తక్కువ వస్తాయి. ఆ పపైరస్ నకలు శిబిరంలో పెట్టి చూడండి, యుద్ధాల గురించి అడగని సందర్శకులు కూడా దాని దగ్గర ఆగి సైనికుడికి చివరికి ఎంత మిగిలిందని అడుగుతారు.

కొత్తవారి విషయంలో మరో మాట. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారిలో ఆసక్తి ఉన్నవారు తమ రూపురేఖలు రోమన్ సైనికుడికి నప్పవేమోనని వెనుకాడనవసరం లేదు. హేడ్రియన్ గోడ పశ్చిమ కొసన, నేటి బర్గ్ బై సాండ్స్ దగ్గర, మూడో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా మూర్‌ల దళం ఉండేది. కార్వోరన్ కోటలో సిరియా విలుకాండ్రు ఉండేవారు. సౌత్ షీల్డ్స్‌లో తన భార్య రెజీనాకు చెక్కించిన సమాధిఫలకం మీద సిరియాలోని పాల్మైరా వాడైన బారాతెస్ లాటిన్ కింద తన సొంత లిపిలో కూడా దుఃఖం రాయించాడు. ఆ సరిహద్దులో ఎన్నో జాతులవారు జీవించారు. సంఘం తలుపు అందరికీ తెరిచి ఉంచడం చరిత్రకు న్యాయం చేయడమే.

కొత్త సభ్యుడికి ఉమ్మడి కవచం ఇచ్చే ముందు ఒక పూట నేలను బట్టి నడవడం నేర్పండి. కాలిగేల అడుగున ఉన్న ఇనుప మేకులు గడ్డి మీద పట్టునిస్తాయి, నున్నటి రాతి మీద జారుస్తాయి. జెరూసలేం ముట్టడిలో జూలియానుస్ అనే శతాధిపతి ఒంటరిగా శత్రువులను తరుముతూ ఆలయ ప్రాంగణపు రాతిపరుపు మీద మేకుల పాదరక్షలు జారి పడి, లేవలేక చనిపోయాడని ఆనాటి చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. మ్యూజియం హాలులోకి కవాతు చేయమని పిలిస్తే, మేకులు లేని రెండో జత వాడండి, లేదా మెట్లు, పాలరాయి లేని దారి అడగండి.

పదవుల గురించి క్లుప్తంగా: కవాతులో శతాధిపతి ఎవరో, సంఘానికి అధ్యక్షుడు ఎవరో వేర్వేరుగా ఎన్నుకోండి. గట్టి గొంతుతో ఆజ్ఞ ఇవ్వడం ఒక నేర్పు, సమావేశంలో ఓపికగా వినడం మరొకటి. కోశాధికారికి మాత్రం సిగ్నిఫెర్ హోదా ఇచ్చి, తోడేలు లేదా ఎలుగు చర్మం కప్పుకుని ధ్వజం మోసే గౌరవం అతనికే దక్కేలా చూడండి.

అభ్యాసం. ఈ నెలలో మీ బృందం దగ్గర ఉన్న ప్రతి వస్తువునూ నేల మీద పరచి, సభ్యుడిది, సంఘానిది అని రెండు వరుసలుగా పేర్చండి. సంఘం వరుసలో ఉన్నవాటితో ఎంతమంది కొత్తవారిని తల నుంచి నడుము వరకు సిద్ధం చేయగలరో లెక్కపెట్టండి. సున్నా వస్తే, మొదట కొనవలసినది డాలు: అందరికీ సరిపోతుంది, మీరే చెక్కతో చేయవచ్చు, దూరంనుంచి చూసేవారికి సైనికుడు అని తెలిసేది కూడా దానివల్లే. తర్వాత శిరస్త్రాణం, ఆ తర్వాత కవచం. వస్తువుల పుస్తకం మొదటి పేజీలో ఈ లెక్క తేదీతో రాసి, అధ్యక్షుడు, సంరక్షకుడు, కోశాధికారి ముగ్గురూ సంతకం చేయండి.

ఐదో పాఠంలో చెక్క కత్తి, అల్లిక డాలుతో గుంజ మీద పొడుపు సాధన, సందర్శకుల గీతకు ఆవల పీలమ్ అనే ఈటె విసిరే నియమాలు చూద్దాం. దానికి భూమిలో పాతి ఆరడుగులు పైకి నిలిచే ఒక గట్టి కర్ర సిద్ధం చేసుకుని రండి.