మురుగు కుంట నిర్వహణ – 4వ పాఠం: అడుగు బురదను తెల్ల తువ్వాలుతో కొలవడం

గత పాఠంలో 500 మంది ఉండే ఊరికి ఫ్యాకల్టేటివ్ కుంట (పై నీటిలో ఆక్సిజన్ ఉండి, అడుగున లేని మురుగు కుంట) లెక్క కట్టాం: రోజుకు 40 ఘనపు మీటర్ల మురుగు, 890 చదరపు మీటర్ల వైశాల్యం, 1.5 మీటర్ల లోతు. గట్ల వాలు వదిలేస్తే 1,335 ఘనపు మీటర్లు పడుతుంది, అంటే మురుగు 33 రోజులు నిలుస్తుంది. అది కొత్త కుంట లెక్క. బురద పేరుకునే కొద్దీ నీటికి చోటు తగ్గుతుంది. గట్టు మీది నుంచి చూస్తే మాత్రం మట్టం అంతే, నీళ్లూ పచ్చగానే ఉంటాయి. కాబట్టి ఏడాదికోసారి కొలిచి తీరాలి.

కావలసినవి: కుంట లోతుకన్నా మీటరు పొడవైన కర్ర, తెల్లటి నూలు తువ్వాలు, పురికొస, టేపు, రబ్బరు గ్లోవ్స్, పడవ. పడవలో ఇద్దరుండాలి, ఇద్దరికీ లైఫ్ జాకెట్లు ఉండాలి. ఒంటరిగా దిగవద్దు.

కర్ర కింది మూడో వంతుకు తువ్వాలు బిగుతుగా చుట్టి కట్టండి. దించే చోట తెట్టు ఉంటే ముందు పక్కకు నెట్టండి, లేకపోతే అదీ గుడ్డకు అంటి గీత చెరిగిపోతుంది. కర్రను నిటారుగా, మెల్లగా దించండి. అడుగు తగలగానే ఆపాలి. ఇంకా గుచ్చితే బంకమన్ను పొరకు చిల్లు పడి మురుగు భూమిలోకి ఇంకుతుంది. 30 సెకన్లు కదపకుండా ఉంచి, అంతే నిదానంగా పైకి తీయండి. విసురుగా లాగితే అంటిన బురద నీళ్లలోనే కడిగేసుకుపోతుంది. సరిగ్గా తీస్తే తువ్వాలు మీద నల్లటి భాగం, దానిపైన తడి తెలుపు విడివిడిగా కనిపిస్తాయి. కింది కొస నుంచి ఆ నలుపు అంచు దాకా ఉన్నదే బురద మందం.

ఒక్క చోట కొలిచి సరిపెట్టుకోవద్దు. బురద ఇన్‌లెట్ (మురుగు లోపలికి వచ్చే చోటు) దగ్గర దిబ్బగా పేరుకుంటుంది, ఔట్‌లెట్ (నీరు బయటికి పోయే చోటు) వైపు పలచబడుతుంది. కుంటను గళ్లుగా విభజించి కనీసం పది చోట్ల కొలవండి. గట్టు వాలు మీద కొలత పనికిరాదు. ఏటా అవే చోట్లు, అదే నెల. వేడి నెలల్లో గ్యాస్ పుట్టి బురద వదులై ఉబ్బుతుంది, ముద్దలు పైకి తేలుతాయి కూడా. ఒక ఏడు చలిలో, మరో ఏడు ఎండలో కొలిస్తే ఆ రెండు అంకెలను పోల్చలేం.

మన కుంటలో పది కొలతలు (సెంటీమీటర్లలో) ఇవి అనుకుందాం: 62, 55, 48, 30, 26, 24, 18, 16, 12, 9. సగటు 30. బురద 890 × 0.30 = 267 ఘనపు మీటర్లు. నీటికి మిగిలింది 1,068. దాన్ని 40తో భాగిస్తే దాదాపు 27 రోజులు. ఆరు రోజులకు పైగా పోయాయి.

సగటు చెప్పనిది ఇంకొకటుంది. మొదటి మూడు కొలతలు చూడండి. ఇన్‌లెట్ ముందు అంత దిబ్బ ఉంటే మురుగు దాన్ని తప్పించుకుని ఒక పక్కగా దారి చేసుకుంటుంది, 27 రోజులు కూడా నిలవకుండానే ఔట్‌లెట్ చేరుతుంది. ఇలాంటప్పుడు కుంటంతా ఖాళీ చేయనక్కర్లేదు. తెప్ప మీద బురద పంపు పెట్టి ఆ దిబ్బ ఒక్కటీ తోడితే చాలు.

అభ్యాసం: మరుసటి ఏడు సగటు 36 సెంటీమీటర్లకు చేరితే నీరు ఎన్ని రోజులు నిలుస్తుంది? (జవాబు: 25 రోజులు.) తోడిన బురదను ఆరబెట్టే మడులు వచ్చే పాఠంలో.