చేతుల పొడిచర్మం సంరక్షణ – మూడవ పాఠం: క్రీము ఎప్పుడు, ఎంత, ఎలా రాసుకోవాలి

గత పాఠంలో చేతులు కడుక్కునే పద్ధతిని మార్చుకున్నాం. వేడినీళ్ల స్థానంలో గోరువెచ్చని నీళ్లు, గాఢమైన సబ్బు స్థానంలో వాసన కలపని మృదువైన ద్రవం వచ్చాయి. ఉంగరం తీసి, దాని కింద నురగ మిగలకుండా కడగడం అలవాటు చేసుకున్నాం. ఆ సాధనను కొనసాగిస్తూనే ఈ పాఠం మొదలుపెట్టండి. కడిగేటప్పుడు జరిగే నష్టం తగ్గకుండా ఎంత మంచి క్రీము రాసినా దాని ఫలితం నిలవదు.

ముందుగా ఒక చిన్న పరిశీలన చేయండి. చేతులు కడిగి, తుడుచుకోకుండా గాలికే ఆరనివ్వండి. ఆరిన కాసేపటికి పిడికిలిని మెల్లగా బిగించి, కణుపుల మీది చర్మాన్ని మంచి వెలుతురులో చూడండి. చర్మం బిర్రుగా లాగినట్లు అనిపించి, కణుపుల ముడతల్లో సన్నని తెల్లని గీతలు కనిపిస్తే, మీ చేతులకు ఈ పాఠం అవసరమని అర్థం. అంతసేపు నీళ్లలో తడిసిన చర్మం, ఆరేసరికి మునుపటికన్నా పొడిగా ఎందుకు మారుతుంది?

చర్మం పైపొరలో ఉన్నవి మృతకణాలు. వాటి మధ్య సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన పదార్థం నిండి ఉండి, లోపలి తేమ బయటికి పోకుండా అడ్డుకుంటుంది. సబ్బు మురికితో పాటు ఈ కొవ్వులో కొంత భాగాన్ని కూడా తీసుకుపోతుంది. పైగా చర్మం ఉపరితలం సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణంతో ఉంటే (ఆమ్ల, క్షార గుణాలను తెలిపే కొలత అయిన పీహెచ్ దానికి సుమారు 5), మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకు, అంటే క్షారగుణంతో ఉండి, ఈ అడ్డును మరింత బలహీనపరుస్తుంది. అడ్డు పలచబడిన చర్మం పీల్చుకున్న నీళ్లనే కాక, తన సొంత తేమను కూడా గాలికి వదిలేస్తుంది. అరచేతుల్లో చెమట గ్రంథులు విస్తారంగా ఉన్నా, నూనె గ్రంథులు అసలే లేవు. పోయిన జిడ్డును తిరిగి అందించే ఏర్పాటు అక్కడ లేదు.

కాబట్టి చర్మంలో ఉన్న తడి ఎగిరిపోకముందే దానిపై పూత వేయడమే మనం నేర్చుకోవలసిన పని. ఏ క్రీము కొనాలన్న ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు గాని, ఎప్పుడు రాయాలన్నది దానికన్నా ముఖ్యమని నా గట్టి నమ్మకం. చేతులు కడిగిన వెంటనే మెత్తని గుడ్డతో రుద్దకుండా అద్ది, నీటి చుక్కలు పోయి చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రాయాలి. పూర్తిగా ఆరిన అరగంటకు రాసినప్పుడు పైన జిడ్డు తెలుస్తుంది గాని, పట్టి ఉంచడానికి లోపల తడి అంతగా మిగలదు.

ఎంపిక విషయంలో కొన్ని మాటలు చాలు. గ్లిజరిన్, యూరియా వంటివి నీటిని పట్టి ఉంచుతాయి. పెట్రోలియం జెల్లీ, డైమెథికోన్ వంటివి పైన పొరగా నిలిచి తేమను ఆపుతాయి. పగటికి ఈ రెండు రకాలూ కలిసిన చిక్కని క్రీము, రాత్రికి పెట్రోలియం జెల్లీ సరిపోతాయి. పలచని లోషన్లలో ఎక్కువ భాగం నీరే కనుక, బాగా పొడిబారిన చేతులకు అవి చాలవు. యూరియా 10 శాతం వరకు ఉంటే తేమకు పనికొస్తుంది. 20 శాతం దాటితే మందంగా పేరుకున్న చర్మాన్ని కరిగించే పనికి దిగుతుంది, పగుళ్ల మీద మంట పుట్టిస్తుంది. సువాసన కలిపినవి వద్దు. దెబ్బతిన్న చర్మంలోకి పరిమళ ద్రవ్యాలు సులువుగా దిగి, అలర్జీకి దారితీయవచ్చు.

కొలతకు వైద్యులు వాడే ఒక పద్ధతి ఉంది. పెద్దవారి చూపుడువేలి కొన నుంచి మొదటి గీత వరకు ట్యూబు నుంచి వరుసగా పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. అది ఒక చేతికి, ముందు వెనుకలకు, సరిపోతుంది. రెండు చేతులకు రెండు వరుసలు అన్నమాట.

రాసే తీరులో చాలామంది పొరబడేది ఇక్కడే. క్రీమును అరచేతిలో వేసుకుని రెండు అరచేతులూ కలిపి రుద్దితే, అందులో ఎక్కువ భాగం మందమైన అరచేతి చర్మానికే అంటుకుంటుంది; పలచగా ఉండి త్వరగా పగిలే చేతి వెనుక భాగానికి చేరేది కొంచెమే. అందువల్ల క్రీమును ఒక చేతి వెనుక వేసి, రెండు చేతుల వెనుక భాగాలను ఒకదానితో ఒకటి మెల్లగా రాయండి. తరువాత పిడికిలిని సగం ముడిచి, కణుపుల ముడతలు విచ్చుకున్నప్పుడు వాటిలోకి పట్టించండి. వేళ్ల సందులు, బొటనవేలి మొదలు, మణికట్టు మరచిపోవద్దు. ఒక్కొక్క గోటి చుట్టూ బొటనవేలితో నొక్కుతూ తిప్పండి. మిగిలింది అరచేతులకు చాలు.

పడుకునే ముందు జెల్లీని మందంగా రాసి, శుభ్రమైన నూలు చేతితొడుగులు వేసుకోండి. వేలికొనల్లో లోతైన పగుళ్లుంటే జెల్లీ నింపి పైన ప్లాస్టర్ అంటిస్తే, కదలికకు అవి మళ్లీ విచ్చుకోకుండా మానుతాయి. జెల్లీ ఇంకిన బట్ట నిప్పు అంటుకుంటే త్వరగా మండుతుంది. ఆ తొడుగులతో పొయ్యి దగ్గరికి వెళ్లకండి.

చీము, రసి, నీటి పొక్కులు కనిపించినా, ఎరుపు వ్యాపిస్తున్నా ఈ సాధన ఆపి చర్మవైద్యులను కలవండి. ఒక్క చేయి మాత్రమే పొలుసులు రాలుతుంటే అది శిలీంధ్రం వల్ల కూడా కావచ్చు; సొంతంగా స్టెరాయిడ్ మందు రాస్తే రోగం రూపు మారి గుర్తించడం కష్టమవుతుంది.

వచ్చే పాఠం వరకు ప్రతి కడుగుడు తరువాత, పడుకునే ముందు ఈ క్రమం పాటించండి. చర్మం పైపొర పూర్తిగా మారడానికి దాదాపు నెల పడుతుంది కనుక, చేతులు చూడడానికి బాగుపడిన తరువాత కూడా కొన్ని వారాలు మానవద్దు. తడిపనిలో రబ్బరు తొడుగులు ఎలా వాడాలో నాలుగవ పాఠంలో చూద్దాం. అందుకోసం రోజులో మీ చేతులు నీళ్లలో ఉండే పనులను ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి.